'ఎందుకు తగ్గడం లేదు?' అని అడుగుదాం

(ఆదివాసీ దినోత్సవ సభలో గిరిజన బాలికల వసతి గృహం వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

 

మాకు ముందు మాట్లాడినవారు మన భాషల గురించి, థింసా గురించి, పోడు పట్టాల గురించి చక్కగా చెప్పారు. మేము చెప్పబోయేది ఒంటి సంగతి. పండగ పూట రోగాల మాటేమిటి అనుకోకండి. చేతులు పట్టుకుని తెల్లవార్లూ థింసా ఆడాలంటే ముందు ఒంట్లో సత్తువ ఉండాలి కదా! మేము టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం, డాక్టర్లం కాదు. అందుకే మందులు చెప్పం, ప్రశ్నలు చెబుతాం. మాకు వచ్చిన విద్య అదే.

హాస్టళ్లలో పిల్లలతో పగలూ రాత్రీ ఉండేది మేమే. కొందరు ఆడపిల్లలు పొద్దున్న గంట కొట్టినా లేవలేరు. తల దువ్వితే దువ్వెన నిండా జుట్టే. అందరికీ ఉక్కపోస్తుంటే వాళ్లకు చలి. నెలసరి రెండు నెలలకోసారి వస్తుంది, వస్తే పది రోజులైనా ఆగదు. నిన్న చదివిన పాఠం ఇవాళ గుర్తుండదు. ఇలాంటి పిల్లకు మొదట దొరికే పేరు 'బద్ధకస్తురాలు'. ఇంటికెళ్తే 'ఎప్పుడు చూసినా తొంగోడమే' అంటారు. ఇంకొందరు గాలి సోకిందంటారు. దిసారిని పిలిచి పూజ చేయించుకోవడం మన ఆచారం, దానికి మేము అడ్డు చెప్పం. పూజ పూజే, రక్త పరీక్ష రక్త పరీక్షే. ఒకటి చేశాం కదా అని రెండోది మానకూడదు.

మా దగ్గర పదో తరగతి చదివి వెళ్లిన ఒక అమ్మాయి నాలుగేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. 25 మైక్రోగ్రాములతో మొదలై 50, ఆ తర్వాత 75 అయింది. విటమిన్ డి తక్కువన్నారు. వాడితే పెరిగింది, ఆరు నెలలకు మళ్లీ పడిపోయింది. బి12 కూడా అంతే. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు, ఎముకలకని కాల్షియం మాత్రలు. నాలుగు చోట్ల చూపించుకుంది. వెళ్లిన ప్రతిచోటా కొత్త చీటీ, కొత్త మాత్ర. సెలవుల్లో వచ్చి మమ్మల్ని ఒకటే అడిగింది: "మేడమ్, ఇన్ని వాడుతున్నా ఎందుకు తగ్గడం లేదు?"

ఆ కాగితాలన్నీ తేదీల వరుసలో బల్ల మీద పరిచాం. రోజూ మాత్రలు ఎలా వేసుకుంటున్నావని అడిగాం. మర్చిపోకుండా ఉంటుందని థైరాయిడ్ మాత్ర, ఐరన్, కాల్షియం మూడూ ఒకేసారి పొద్దున్నే టీతో మింగుతోందట. ఆ సంగతి ఒక కాగితం మీద రాసి, పాత రిపోర్టులతో కలిపి డాక్టరు గారికి చూపించమన్నాం. ఐరన్, కాల్షియం పక్కన ఉంటే థైరాయిడ్ మందు పేగులోంచి రక్తంలోకి సరిగా వెళ్లదు. డాక్టరు గారు వేళలు మార్చారు, కొత్తగా రెండు పరీక్షలు రాశారు. రెండు నెలలకు టి.ఎస్.హెచ్. దిగింది. అన్నీ తీరిపోలేదు. బి12 ఎందుకు పడిపోతోందో ఇంకా చూస్తున్నారు. కానీ నాలుగేళ్లలో మొదటిసారి ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబులో సగమైనా దొరికింది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. థైరాయిడ్ అనేది గొంతు ముందు సీతాకోకచిలుక ఆకారంలో ఉండే చిన్న గ్రంథి. ఒళ్లు ఎంత వేగంగా పనిచేయాలో అది చెబుతుంది. 'టి.ఎస్.హెచ్. ఎక్కువొచ్చింది, అంటే నాకు థైరాయిడ్ ఎక్కువైంది' అని చాలామంది పిల్లలు పొరబడతారు. సాధారణంగా సంగతి దానికి తిరగబడి ఉంటుంది. హాస్టల్లో వంట ఆలస్యమైతే వార్డెన్ గొంతు పెరుగుతుంది, మీకు తెలిసిందే! టి.ఎస్.హెచ్. ఆ వార్డెన్ గొంతు. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. థైరాయిడ్ పని తగ్గితే ఆ గొంతు పెరుగుతుంది, పని మరీ ఎక్కువైతే తగ్గిపోతుంది.

మరి పని ఎందుకు తగ్గుతుంది? ఇక్కడే మన కొండల కథ ఉంది. థైరాయిడ్ హార్మోను తయారు కావాలంటే అయోడిన్ కావాలి. కొండవాలు నేలల్లో వానలకు అయోడిన్ కొట్టుకుపోతుంది, ఆ నేలలో పండిన పంటలోనూ తగ్గుతుంది. అందుకే కొండ ప్రాంతాల్లో గొంతు వాపు ఎక్కువగా కనిపించేది. శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయాల దగ్గర కాంగ్రా లోయలో ఒక పెద్ద అధ్యయనం మొదలుపెట్టారు. కొన్ని ఊళ్లకు అయోడిన్ కలిపిన ఉప్పు, కొన్నింటికి మామూలు ఉప్పు ఇచ్చి చూశారు. కొన్నేళ్లకు అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్లలో గొంతు వాపులు బాగా తగ్గాయి. 1962లో దేశంలో గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలైంది. శ్రీకాకుళంలో పుట్టిన మనిషి పని ఇవాళ మన వంటింట్లో ఉప్పు డబ్బాలో ఉంది. ఇది మన పిల్లలకు తెలియాలి.

ప్యాకెట్ కొన్నంత మాత్రాన సరిపోదు. ఉప్పును పొయ్యి పక్కన మూత లేకుండా పెడితే, చెమ్మ తగలనిస్తే, కడిగి వాడితే అయోడిన్ పోతుంది. సంతలో విడిగా అమ్మే రాళ్ల ఉప్పులో అసలు ఉండకపోవచ్చు. మూత బిగించి పెట్టండి, కూర దించే ముందు వేయండి. వెదురు కొమ్ముల్లో అయోడిన్ పనికి అడ్డుపడే పదార్థాలు ఉంటాయి. మన పెద్దవాళ్లు వాటిని ఉడికించి ఆ నీళ్లు పారబోసి వండుతారు. అది ఉత్త అలవాటు కాదు, జ్ఞానం. దాన్ని వదలకండి.

అయితే ఒక జాగ్రత్త. అందరి థైరాయిడ్ సమస్యకూ అయోడిన్ లోపమే కారణం కాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి సొంత గ్రంథి మీదే దాడి చేయడం కూడా ఒక పెద్ద కారణం. ఇది మగవాళ్ల కంటే ఆడవాళ్లలో చాలా ఎక్కువ, కుటుంబాల్లో నడుస్తుంది. అలాంటివారు అయోడిన్ చుక్కలు తెచ్చుకుని తాగితే మేలు జరగకపోగా చెడు జరగొచ్చు. పైకి ఒకేలా కనిపించే వాపు వెనుక వేర్వేరు కారణాలుంటాయి. అందుకే 'ఎందుకు' అని అడగాలంటున్నాం.

విటమిన్లకూ అంతే. బి12 చేపలు, మాంసం, గుడ్లు, పాలలోనే ఉంటుంది. చోడి అంబలి మంచిదే, కాల్షియం బాగా ఉంటుంది, కానీ అందులో బి12 ఉండదు. ఒకప్పుడు మన ఇళ్లలో గెడ్డ చేపలు, పీతలు, నాటుకోడి గుడ్లు ఉండేవి. ఇప్పుడు గుడ్లు సంతకు పోతున్నాయి, సంత నుంచి చిప్స్ ప్యాకెట్లు ఇంటికొస్తున్నాయి. తిండి బాగున్నా బి12 తగ్గుతుంటే కడుపు దాన్ని పీల్చుకోవడం లేదేమో చూడాలి. థైరాయిడ్ మీద సొంత ఒళ్లే దాడి చేసేవారిలో కొందరికి ఇది కూడా తోడవుతుంది. విటమిన్ డికి ఎండ కావాలి. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్న వేళ కాసేపు చేతులకు, కాళ్లకు ఎండ తగలాలి. ఇక 60,000 యూనిట్ల విటమిన్ డి మాత్ర సాధారణంగా వారానికొకటి రాస్తారు. రోజూ వేసుకుంటే ప్రమాదం. రక్తం తక్కువగా ఉంటే నులిపురుగులు కారణమా, సికిల్ సెల్ ఉందా అని కూడా చూడాలి. మన గిరిజనుల్లో సికిల్ సెల్ ఉంది కాబట్టే 2023లో దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది.

డాక్టరు గారి దగ్గరకు వెళ్లినప్పుడు భయపడకుండా, మర్యాదగా ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

ఒకటి, నా సమస్యకు కారణం ఏమిటి, అది తెలియడానికి ఇంకేదైనా పరీక్ష కావాలా?

రెండు, ఈ మాత్ర ఏ వేళకు, దేనితో వేసుకోకూడదు? థైరాయిడ్ మాత్ర మామూలుగా పరగడుపున నీళ్లతో వేసుకోవాలి. అరగంట నుంచి గంట వరకు ఏమీ తినకూడదు, మన అరకు కాఫీ కూడా తాగకూడదు. ఐరన్, కాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి.

మూడు, మళ్లీ పరీక్ష ఎప్పుడు? మోతాదు మార్చాక టి.ఎస్.హెచ్. నిలకడకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులకే తగ్గలేదని మానేయకండి.

నాలుగు, నేను వాడుతున్న వేరే మందులు పరీక్షను తారుమారు చేస్తాయా? జుట్టు కోసం వాడే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ రిపోర్టును తప్పుగా చూపించగలవు. వాడుతుంటే ముందే చెప్పండి.

ఐదు, పెళ్లయినవారు తప్పక అడగాల్సింది: గర్భం వస్తే ఈ మందు ఎలా వాడాలి? మొదటి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదలకు తల్లి హార్మోనే ఆధారం. గర్భం వచ్చిందని తెలియగానే మందు సొంతంగా మానేయకండి, ఆ వారంలోనే ఏ.ఎన్.ఎం. గారికి చెప్పండి. చాలామందికి మోతాదు పెంచాల్సి వస్తుంది.

ఇంకో మాట. ఏ కొండ ఏ వంశానిది, ఎవరి తాతకు తాత ఎవరు అన్నది మన పెద్దలు కాగితం చూడకుండా చెబుతారు. ఇంట్లో అమ్మమ్మను అడగండి, మన వాళ్లలో ఎవరికైనా గొంతు వాపు ఉండేదా అని. డాక్టరుకు ఆ మాట ఒక రిపోర్టు అంత విలువైనది. కానీ రక్త పరీక్షల అంకెలు ఎవరికీ నోటికి గుర్తుండవు. ఆ కాగితాలు మన ఇళ్లలో చూరులో దూర్చితే వానకు తడుస్తాయి, పొగకు నల్లబడతాయి. కాగితం పోతే జవాబు పోయినట్టే. ప్రతి కొత్త ఆసుపత్రిలో కథ మళ్లీ మొదటికొస్తుంది.

తెలుగు సరిగా రాని మన అవ్వలు ఆసుపత్రిలో అన్నిటికీ తల ఊపి వచ్చేస్తారు. కువి, పోర్జా, ఆదివాసీ ఒడియా, తెలుగు రెండువైపులా తెలిసినవాళ్లు మీరే. ఊళ్లో ఎవరైనా ఆసుపత్రికి వెళ్తుంటే తోడు వెళ్లండి. వాళ్ల నొప్పిని తెలుగులోకి, డాక్టరు మాటను మన భాషలోకి మీరు మార్చండి. భాషను కాపాడుకోవడమంటే ఇది కూడా.

ఇవాళ ఇంటికి వెళ్లాక రెండు పనులు చేయండి. ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ ఉన్నట్టు రాసి ఉందో లేదో చదవండి. ఇంట్లో అందరి పాత రిపోర్టులూ వెతికి, ఒక్కొక్కరివి తేదీల వరుసలో ప్లాస్టిక్ కవర్లో పెట్టి, ఫోన్లో ఫోటోలు తీయండి. వచ్చే సెలవుల్లో హాస్టల్‌కు వచ్చినప్పుడు ఆ కవర్లు తెచ్చుకోండి. కలిసి కూర్చుని, డాక్టరు గారిని ఏమడగాలో రాసుకుందాం.

 జై ఆదివాసీ.