అడవిలో ఏటి యొడ్డున విడిది
(సూరత్‌లో జరిగిన మన సంఘ సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ యేడు మన కుటుంబములన్నియు కలసి అడవిలో, ఏటి యొడ్డున, కుటీరములలో రెండు రాత్రులు గడపవలెనని కార్యవర్గమువారు సంకల్పించి, ఏర్పాట్లనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని నన్ను కోరిరి. దస్త్రములు చూచుట నా వృత్తి; అడవులు చూచుట నా వృత్తి కాదు. అయినను ఒకమారు తప్పు చేసి నేర్చుకొన్నవాడను గనుక, ఆ అర్హతతో మీ ముందు నిలిచితిని.

మనకు తాపీనది ప్రతిదినము వంతెనలమీదినుండి కనబడుచునే యున్నది. కాని ఆ నదికి అడవులతో గల చుట్టరికమును మనము మరచుచున్నాము. మధ్యప్రదేశమునందలి బేతూల్ జిల్లాలో ముల్తాయి వద్ద పుట్టి, 724 కిలోమీటర్లు నడచి, ఈ నది మన యూరు దాటి సముద్రమున కలియుచున్నది. ఎగువన సుమారు 100 కిలోమీటర్ల దూరమున ఉకాయి ఆనకట్ట కలదు. అది 1972లో పూర్తియైనది. దాని వెనుక నిలిచిన వల్లభసాగరమును చూచినపుడు మనవారికి నాగార్జునసాగరము జ్ఞప్తికి వచ్చుట సహజము. రెండింటి అడుగునను ఒకప్పుడు మనుషులు కాపురమున్న ఊళ్లు గలవు. నీటి అందమును చూచి ఆనందించునపుడు ఈ మాట గూడ మనస్సున నుంచుకొనుట మంచిది.

తాపీకి దక్షిణమున పూర్ణా, అంబికా నదులు సహ్యాద్రి కొండలలో పుట్టి, డాంగు జిల్లా టేకువనముల గుండ, వెదురు పొదల గుండ పారుచున్నవి. అటవీశాఖవారి విడిదులు ఈ తీరములనే గలవు. పూర్ణానది యొడ్డున మహాల్. అంబికా తీరమున పదమ్‌డుంగరీ. వఘయి చేరువ కిలాడ్. మన జిల్లాలోనే కావలెనన్న మాండ్వి తాలూకాలో కేవడీ. వఘయికి బిలిమోరా నుండి గాయకవాడు ప్రభువుల కాలమున, 1913లో, వేసిన చిన్న రైలుమార్గము గలదు. పిల్లలకు ఆ బండి ప్రయాణమే ఒక పండుగ. బండి నడచు వేళలు మాత్రము ముందుగా విచారించుకొనవలెను.

ఇక నా తప్పు సంగతి. కొన్నేండ్ల క్రిందట, భాద్రపదమాసమున, మేము నాలుగు కుటుంబములవారము అంబికానది యొడ్డునకు వనభోజనమునకు పోతిమి. వారము దినములు కూర్చుండి 43 వస్తువుల పట్టిక వ్రాసితిమి. పులిహోర, ఆవకాయ, జంపఖానాలు, పేకముక్కలు, చివరకు పండ్లపుల్లలు గూడ అందులో నుండెను. ఏటిని గూర్చి ఒక్క పంక్తియు లేదు.

ఆనాడు ఎండ కాయుచుండెను. మోకాలిలోతు నీరు అద్దమువలె నుండెను. పిల్లలు నడిమిరాతి మీద కూర్చుండి కాళ్లాడించుచుండిరి. అంతలో మేకలను తోలుకొనిపోవు ఒక డాంగు ముదుసలి ఆగి, నీటివంక చూచి, తన భాషలో, "లేవండి, ఏరు వచ్చుచున్నది" అనెను. మేము ఆకసమువంక చూచి నవ్వితిమి. అతడు నవ్వలేదు. మేకలను విడిచి, నీటిలో దిగి, చిన్నవానిని భుజమున వేసికొని, పెద్దదానిని చేయిపట్టుకొని గట్టునకు తెచ్చెను. అప్పుడు చూచితిమి: నీటి రంగు మారినది, ఎండుటాకులు, పుల్లలు, నురుగు తేలివచ్చుచున్నవి. మేము పైకెక్కి వెనుదిరిగి చూచునప్పటికి, జంపఖానా పరచిన చోట ఎఱ్ఱనీరు సుడులు తిరుగుచుండెను. వాన మా మీద కురియలేదు. ఎగువ కొండలలో కురిసినది. "నీరు పల్లమెరుగు" అను సామెత చిన్ననాటినుండి వల్లించితిని. దాని యర్థము ఆనాడే తెలిసినది. ఆ చిన్నవాడు నా కుమారుడు.

అందుచేత నా మొదటి మనవి: ప్రయాణపు పట్టికలో మొదటి పంక్తి ఏటికి కేటాయింపుడు. ఆ యేరు ఎచ్చట పుట్టినది? ఎగువన వాన పడుచున్నదా? ఆనకట్ట యున్నచో నీరు విడుచుచున్నారా? 2006 ఆగస్టులో ఉకాయి నుండి విడిచిన నీటితో సూరత్ నగరము అధికభాగము మునిగినది గదా! నూరు కిలోమీటర్ల యెగువ సంగతి మన గుమ్మమునకు వచ్చునని ఈ యూరివారికి వేరుగా చెప్ప నక్కరలేదు.

రెండవది, కాలము. వానకాలమున డాంగు అడవి అతి రమణీయము. ఏరులు అతి భయంకరము. దూరమునుండి చూచి రావలెనే గాని నీట దిగరాదు. ఎండకాలమున ఏరులు మడుగులుగా చిక్కిపోవును. ఎండుటాకు నిప్పునకు సిద్ధముగా నుండును. మన పిల్లలతో పోవుటకు కార్తికము మొదలు మాఘము వరకు మేలు. రాత్రులు చలి గనుక కంబళ్లు మరువరాదు. కుటీరములు కొలదిగా నుండుటచే దీపావళి సెలవులకు చాల ముందుగనే అటవీశాఖవారికి తెలియజేసికొనవలెను.

మూడవది, పడవ. 2019 సెప్టెంబరు 15న మన పాపికొండల యాత్రలో, కచ్చులూరు వద్ద, గోదావరి వరదలో పడవ మునిగి ఎందరో మరణించిరి. 2024 జనవరి 18న వడోదరలో, హర్ణీ సరస్సున, విహారమునకు వచ్చిన బడిపిల్లలు 12 మంది, వారి ఉపాధ్యాయులు ఇద్దరు అసువులు బాసిరి. మొదటిది వరద గోదావరి. రెండవది నిశ్చలమైన చెరువు. కావున నీరు నెమ్మదిగా నున్నదని నమ్మవలదు. ప్రతివానికిని తేలుడు చొక్కా లేనిచో, ఎక్కినవారు లెక్కకు మించినచో, డబ్బు పోయినను దిగిపోవుడు. మొగమాటము ప్రాణమునకంటె గొప్పది కాదు.

తక్కిన జాగ్రత్తలు క్లుప్తముగా చెప్పెదను. పిల్లలు నీటి దరి నున్నంతసేపు ఈతవచ్చిన పెద్ద యొకరు వేరు పని లేకుండ వారినే చూచుచుండవలెను; వంతులు ముందే వ్రాసికొనుడు. అడవిలో చిరుతపులులు గలవు. చీకటిపడిన పిమ్మట విడిది దాటరాదు. చెప్పులు దులిపి తొడుగుకొనుడు. పాము కరచినచో ఆలసింపక ఆసుపత్రికి చేర్పవలెను. కావున సమీప ప్రభుత్వాసుపత్రికి దారి ముందే తెలిసికొనుడు. ఫోనులు పలుకని తావులు గలవు గనుక, ఎచ్చటికి పోవుచున్నారో, ఎప్పుడు తిరిగివత్తురో ఊరిలో ఒకరికి చెప్పి పోవుడు.

చివరి మాట. ఆ యడవి మనకు విడిది. భీలు, కుకణా, వార్లీ జనులకు ఇల్లు. వారి యింటికి పోయినట్లే పోవుదము. ఏటిలో సబ్బు కలపవద్దు. ప్లాస్టికు సంచిని అడవిలో విడువవద్దు. మనము తీసికొనిపోయిన పులిహోరతోపాటు వారి నాగలీ రొట్టెయు తినుడు. అది మన రాగియే! రాయలసీమవారికి ఆ రుచి పుట్టినింటిని తలపించును. అన్నిటికంటె ముఖ్యముగా, వెళ్లిన వెంటనే అచ్చటి పెద్దవానిని, "అయ్యా, ఈ యేటి స్వభావమెట్టిది?" అని అడుగుడు. చదువుకొన్నవారమని సిగ్గుపడవలదు. ఆనాడు మా నలుగురిలో ముగ్గురము పట్టభద్రులము. ఏటిని చదువగలిగినవాడు ఆ మేకల కాపరి యొక్కడే.