మంచం పట్టిన తల్లిదండ్రులు – వ్యయభారం ఎవరిది?



దిల్‌సుఖ్‌నగర్‌లో పురాణ ప్రవచనం ముగిసిన పిమ్మట, ఎల్‌బీ నగర్ నుండి వచ్చిన ఒక సోదరి నన్ను అడిగింది: "గురువుగారూ, పక్షవాతంతో మంచం పట్టిన నాన్నగారిని ఆరేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. ఇల్లు అన్నలిద్దరి పేర రాశారు. ఇప్పుడు మనిషిని పెడితే ఆ జీతం ఎవరివ్వాలి?"

ఆమెకు చెప్పినదే మీకూ చెబుతున్నాను. ధర్మశాస్త్రం దాయాన్నీ భారాన్నీ విడదీయదు. ఇల్లు పొందినవారే ఆ జీతమూ ఇవ్వాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కుమారులతోపాటు కుమార్తెలనూ బాధ్యులను చేసింది. పోషిస్తామన్న షరతుతో ఆస్తి రాయించుకొని విస్మరిస్తే, ఆ దస్తావేజును ట్రిబ్యునల్ రద్దు చేయగలదు.

అయితే ఆ సోదరి నిద్ర మాని చేసిన సేవ కూడా వ్యయమే. ఆమె వంతు ముట్టినట్లే. మిగిలినది అన్నలు ధనరూపంలో చెల్లించాలి.

ఆస్తీ సంతానమూ లేని వృద్ధుల భారం ప్రభుత్వానిది. కాని ప్రభుత్వమిచ్చే పింఛనుతో పరిచారకుని జీతం గడవదు. ఆ లోటు పూడ్చడం మన వంతు.

దాతలారా! కన్నవారి మందుల బాకీ ఉంచుకొని హుండీలో వేసిన సొమ్ము దానం అనిపించుకోదు. ముందు ఆ బాకీ తీర్చండి. పిదప దిక్కులేని పొరుగువారిని ఆదుకోండి. ఆ తరువాతే ఇక్కడికి రండి. స్వామి వేచి ఉంటాడు.

స్వస్తి.