జైలు రిజిస్టర్‌లో కులం గడి
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

పండగలాంటి సభలో జైళ్ల సంగతి ఎందుకమ్మా అని ఇందాక ఒక పెద్దాయన అడిగారు. మన ఎరుకల, యానాది ఇళ్లలో పోలీసు జీపు చప్పుడుకు ఉలిక్కిపడని ఇల్లు చూపించండి, మానేస్తాను అన్నాను.

మా హాస్టల్లో తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పోయినేడు వారం రోజులు సరిగా అన్నం తినలేదు. ఎక్కడో దొంగతనం జరిగితే వాళ్ల నాన్నను తీసుకెళ్లారు. ఆ రాత్రి ఆయన మిరప కల్లంలో కాపలా పడుకున్నాడు. బెయిలు వచ్చినా ష్యూరిటీ ఇచ్చేవాళ్లు లేక ఇంకో నెల లోపలే ఉన్నాడు. "ఆ రాత్రి ఎక్కడున్నావని అడగలేదంట మేడమ్, మీరేవుట్లు అని అడిగారంట" అంది ఆ పిల్ల.

ఈ ప్రశ్న పాతది. 1871లో తెల్లదొరలు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911 చట్టంతో అది మద్రాసు రాజధానికీ పాకింది. ఫలానా కులంలో పుడితే చాలు, వేలిముద్రలు, హాజరు, ఊరు దాటితే పాసు. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం ఆ రోజుల సెటిల్‌మెంటే. 1952 ఆగస్టు 31న ఆ చట్టం దేశమంతటా పోయింది. దాని చోట్లో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చాయి. మన రాష్ట్రానిది 1962 నాటిది.

ఇక 2024 అక్టోబరు 3 సంగతి. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. జైల్లో కులాన్ని బట్టి పని పంచడం చెల్లదంది. రిజిస్టర్లలో కులం గడి కొట్టేయమంది. పరిశీలించిన వాటిలో మన 1979 జైలు నియమాలూ ఉన్నాయి. పత్రికలన్నీ వంట పని, పాకీ పని గురించే రాశాయి. నాకు పెద్దదనిపించింది వేరే మాట: విముక్త జాతుల వాళ్లను ఇష్టమొచ్చినట్టు అరెస్టు చేయకూడదని పోలీసులకు చెప్పడం.

1894 జైళ్ల చట్టానికి బదులుగా కేంద్రం 2023లో నమూనా చట్టం తయారుచేసింది. పెరోల్, విడుదలయ్యాక ఆసరా అందులో ఉన్నాయి. కుల వివక్ష కూడదన్న మాట మాత్రం అప్పటికి లేదని 2024 తీర్పులో కోర్టే ఎత్తిచూపింది. జైళ్లు రాష్ట్రాల చేతిలోవి కాబట్టి నమూనా నమూనాగానే ఉంటుంది, రాష్ట్రం తన చట్టం చేసుకునేదాకా. చేసేటప్పుడు మనం అడగాలి. పెరోల్‌కు పోలీసు నివేదిక కావాలి. పట్టా లేని గుడిసెవాడికి, పేరు చెబితేనే అనుమానపడే కులంవాడికి ఆ నివేదిక ఎలా వస్తుందో మీరే ఊహించండి.

కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479వ సెక్షన్ ప్రకారం అంతకుముందు ఏ నేరంలోనూ దోషిగా తేలనివాళ్లు గరిష్ఠ శిక్షలో మూడోవంతు విచారణ ఖైదులో గడిపితే బాండు మీద వదలాలి. ఉరిశిక్ష, యావజ్జీవ శిక్ష పడే కేసులకు ఇది లేదు. ఒకటికి మించి కేసులున్నా వర్తించదు. పాత కేసులు అంటగట్టడం ఎంత పని చేస్తుందో చూశారా!

బెయిలు వచ్చిన 7 రోజుల్లో మనిషి బయటపడకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు తెలపాలి. 2023లో సుప్రీంకోర్టు చెప్పింది ఇది. ఆ పిల్ల నాన్న విషయంలో ఈ సంగతి నాకూ తెలియదు. టీచర్ ట్రైనింగ్ చదివినదాన్ని, ఊరికే ఏడ్చి కూర్చున్నాను. గిరిజనులకు 1987 చట్టం ప్రకారం లాయర్ ఉచితం. ఫోన్ నంబరు 15100, రాసుకోండి.

నరసరావుపేట, గురజాల కోర్టుల్లో న్యాయ సేవా కమిటీలున్నాయి. పారా లీగల్ వాలంటీర్లుగా చేరే వీలుంది, లాయర్ చదువు అక్కర్లేదు. మాచర్ల తండాల నుంచి వచ్చిన సుగాలి పిల్లలు, చెంచు పిల్లలు కూడా రావాలి. భోజనాలయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను, పేర్లు రాయించండి.