డబ్బా ఖాళీగా వచ్చిందా?

పొద్దున ఏడు గంటలకు మన ఇళ్ళలో ఉండే హడావుడి మీకు చెప్పనక్కరలేదు. పొయ్యిమీద అన్నం, మిక్సీలో చట్నీ, జడ వేయవలసిన పిల్ల ఒకవైపు, సాక్సు కనబడని పిల్లవాడు ఇంకొకవైపు. ఆ సందడిలోనే బడికి డబ్బా కట్టాలి. సర్కారు బడికి పోయే పిల్లల తల్లులకు ఈ పని కొంత తప్పింది. తమిళనాడులో 1982లో ఎం.జి. రామచంద్రన్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు సత్తుణవు పథకం వచ్చింది. కర్ణాటకలో 2002లో అక్షర దాసోహ మొదలైంది. ఇంటినుండి డబ్బా తీసుకుపోయే పిల్లల సంగతి ఇవాళ నాలుగు మాటలు చెబుతాను.

మాది హోసూరు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో తమిళం. మా చిన్నవాడు రెండో తరగతిలో ఉన్నప్పుడు వారానికి మూడు రోజులు రాగిరొట్టె కట్టేదాన్ని. ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు సన్నగా తరిగి, పిండిలో కలిపి తట్టడం మా అత్తగారి పద్ధతి. సాయంత్రం డబ్బా ఖాళీగా వచ్చేది. నేను మురిసిపోయేదాన్ని. కాని వాడు ఇంటికి వస్తూనే చెప్పులైనా విడవకుండా వంటింట్లో దూరి, చేతికి దొరికింది తినేవాడు. ఎదిగే పిల్లవాడు కదా అనుకున్నాను.

ఒకనాడు పక్కింటి పాప వచ్చి, "అత్తా, వాడు రొట్టె బడి వెనక కుక్కకు వేస్తాడు" అని చెప్పేసింది.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. తక్కిన పిల్లలు తెల్లటి ఇడ్లీలు, బ్రెడ్డు తెచ్చుకుంటుంటే వీడికి నల్లరొట్టె నామోషీ అయిందనుకున్నాను. "మన తిండి అంటే అంత సిగ్గా నీకు?" అని గట్టిగా తిట్టాను. వాడు ఏడ్చాడేగాని జవాబు చెప్పలేదు. ఆ రాత్రి వాళ్ళ అవ్వ ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగితే నోరు తెరిచి చూపించాడు. పైన ముందుపళ్ళు రెండూ లేవు. మధ్యాహ్నానికి రొట్టె అట్టలాగా బిగుసుకుపోతోంది, కొరకలేడు. తుంచి నమిలేలోపల గంట కొట్టేస్తున్నారు. మిగిల్చి తెస్తే అమ్మ తిడుతుందని భయం.

పళ్ళు ఊడిన సంగతి నాకు తెలియదా? ఊడిన పన్నును ఇంటికప్పుమీద వేయించింది నేనే. ఆ పంటికీ ఈ రొట్టెకూ ముడి పెట్టి చూడలేదు, అంతే.

మరునాటి నుండి పిల్లవాడి డబ్బాతోపాటు అదే వంట ఇంకొక డబ్బాలో నాకూ కట్టుకున్నాను. పన్నెండున్నరకు కింద కూర్చుని, వేడి చేయకుండా, పక్కన చారూ మజ్జిగా లేకుండా, పదిహేను నిమిషాల్లో తినడానికి ప్రయత్నించాను. మీరూ ఒక వారం ఇలా చేసి చూడండమ్మా. నేను మెచ్చుకునే నా వంటలో సగం నాకే గొంతు దిగలేదు.

మొట్టమొదట తెలిసింది ఆవిరి సంగతి. పొగలు కక్కే అన్నం పెట్టి మూత బిగిస్తే ఆవిరి నీరై మళ్ళీ అన్నంమీదనే పడుతుంది. అన్నం ముద్దయి, ఒక విధమైన వాసన వస్తుంది. పళ్ళెంలో పరిచి, ఆవిరి పోయాక సర్దితే ఆ బాధ లేదు. రాత్రి బయట ఉండిపోయిన అన్నానికి పొద్దున తాళింపు పెట్టి కట్టడం మాత్రం వద్దు. అటువంటి అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవులు విడిచే విషం మళ్ళీ వేడిచేసినా పోదు.

చిత్రాన్నానికి నిమ్మరసం పొయ్యిమీదినుండి దించాక పిండండి, లేకపోతే చేదెక్కుతుంది. పులిహోరకు చింతపండు పులుపే కాపు. కొబ్బరిచట్నీ ఎండాకాలంలో మధ్యాహ్నందాకా ఆగదు. దానికి బదులు వేయించిన చెనిక్కాయల పొడి నూనెలో కలిపి, ఇడ్లీలకు రెండువైపులా పూస్తే మెత్తగానూ ఉంటాయి, చెయ్యీ పాడుకాదు.

పెరుగన్నం పొద్దున్నే పెరుగుతో కలిపితే మధ్యాహ్నానికి పుల్లబడుతుంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు వేసి పంపండి. బడిలో గంట కొట్టే వేళకు తోడుకుని కమ్మగా ఉంటుంది. మావైపు చలికాలంలో తోడు తొందరగా పడదు, అప్పుడు రెండు చెంచాలు వేస్తాను.

రాగిని నేను వదల్లేదు. వంద గ్రాముల పిండిలో దాదాపు 340 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. పళ్ళు మొలిచే పిల్లవాడికి దాన్ని ఎందుకు తప్పించాలి? రొట్టెకు బదులు, రాగిపిండిని మినప్పిండిలో కలిపి పులియబెట్టి, అరచేతంత దోసెలు పోశాను. బెల్లం, చెనిక్కాయల పొడి కలిపిన రాగి ఉండ ఒకటి పక్కన. పెద్దపిల్లలకు రొట్టే కట్టవచ్చు. వేడినీళ్ళతో పిండి కలిపి, కాల్చిన వెంటనే నెయ్యి రాసి, పలుచని గుడ్డలో చుట్టితే అంతగా బిగుసుకోదు.

ధనుర్మాసంలో అనపకాయలు వస్తే మన ఇళ్ళలో పితికిపప్పు లేనిదే రోజు గడవదు. దాన్ని పులుసుతో పంపితే ఏమవుతుందో మా పెద్దమ్మాయి లెక్కల పుస్తకాన్ని అడగాలి. చిక్కగా దగ్గరపడేదాకా ఉడికించి, అన్నంలో కలిపే పంపండి.

కొత్త డబ్బా కొనేటప్పుడు పిల్లవాడి చేతికిచ్చి మూత తీయమనండి. మన చేతికి సులువైన క్లిప్పు ఆరేళ్ళ వేళ్ళకు లొంగదు. మూతలోని రబ్బరు విడిగా తీసి కడగండి, నిన్నటి వాసన అక్కడే దాక్కుంటుంది.

నామోషీ అనేది లేదని నేననను. ఏడో తరగతిలో మా అమ్మాయి, "వెల్లుల్లికారం కట్టొద్దమ్మా, పక్కన ఎవరూ కూర్చోవడం లేదు" అంది. ఆసారి నేను తిట్టలేదు. వెల్లుల్లికారం రాత్రి సంగటిలోకి మారింది. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చుని తినేటప్పుడు దాని రుచే వేరు.

చిన్నవాడికి పళ్ళు వచ్చాయి. ఐదో తరగతిలో ఒకరోజు తనే, "అమ్మా, రేపు రొట్టె కట్టు, రెండు ఎక్కువ పెట్టు" అన్నాడు. ఆ రెండూ ఎవరికని అడిగాను. స్నేహితులకట. కుక్కకు కాదు కదా అంటే నవ్వాడు.