ఉద్యోగార్థి – పేరుప్రతిష్ఠలు



పూర్వము కొలువు వెదకుకొనుచు పట్టణమునకు పోవు పల్లెయువకుని చేత ఒక సిఫారసు ఉత్తరముండెడిది. ఊరిపెద్దయో, బడిపంతులుగారో వాని నడవడిని గూర్చి నాలుగు మాటలు వ్రాసి యిచ్చెడివారు. నేడు ఉద్యోగమిచ్చువారు పలువురు అభ్యర్థి పేరును గూగుల్‌లో వెదకి చూతురు. లింక్‌డిన్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటి వేదికలపై అతడు వ్రాసినదానిని చదువుదురు. కావున నేటి సిఫారసు ఉత్తరమును అభ్యర్థియే దినదినము, తనకు తెలియకయే, వ్రాసికొనుచున్నాడు.

ఇది కొత్త సంగతివలె తోచును గాని, మాటనుబట్టి మనిషిని తూచుట మనకు కొత్త గాదు. కిష్కింధాకాండలో భిక్షురూపమున వచ్చిన హనుమంతుని శ్రీరాముడు అంతకుముందు ఎఱుగడు. ఐనను అతని పలుకులను బట్టియే, వేదములును వ్యాకరణమును చక్కగా అభ్యసించినవాడని లక్ష్మణునితో ప్రశంసించెను. అచట మాటయే యోగ్యతాపత్రమైనది.

మాట మేలు చేసినట్లే కీడును చేయును. 2017లో హార్వర్డ్ విశ్వవిద్యాలయము, ప్రవేశము లభించిన విద్యార్థులలో కనీసము పదిమందికి ఆ ప్రవేశమును రద్దుచేసెను. తమలో తాము మాత్రమే చూచుకొందుమని తలచి, ఒక ఫేస్‌బుక్ బృందమున వారు నీచమైన హాస్యచిత్రములను పంచుకొనుటయే దానికి కారణము. నలుగురు చూచిన పిమ్మట రహస్యమనునది లేదు. కోపముతో వ్రాసినది ఒక రాత్రి ఆగి, తెల్లవారిన పిమ్మట చదువుకొని, అప్పుడును తగునని తోచిన యెడల పంపుట క్షేమము.

ఇట్లనుటచే యువకులు నోరు మూసికొని యుండవలెనని భావము గాదు. అన్యాయమును అన్యాయమనుట మచ్చ గాదు. ఆధారముతో, మర్యాదతో చెప్పిన విమర్శ వేఱు. కులమును, మతమును, స్త్రీలను దూషించుట వేఱు. ఆ దూషణయే మచ్చ.

ఇక తెలుగువారికి పేరులోనే ఒక చిక్కు గలదు. మనకు ఇంటిపేరు ముందు. పాస్‌పోర్టులో దానికి వేఱొక గడి. ఆంగ్లలిపిలో సుబ్బారావు ఒక పత్రమున ఒక పదము, మఱియొక పత్రమున రెండు పదములు. పదవ తరగతి పత్రములో ఒక తీరుగను, ఆధార్‌లో వేఱొక తీరుగను పేరున్నచో, ఉద్యోగము చేతికందిన వేళ చిక్కులు తలయెత్తును. పదవ తరగతి పత్రమునందలి వర్ణక్రమమునే ప్రమాణముగా గొని, తక్కిన పత్రములను చదువుచున్న కాలముననే దానికి సరిపఱచుకొనుట మేలు. ఒకే పేరు గలవారు అనేకులు గనుక, దరఖాస్తులో కళాశాల పేరును, చదివిన సంవత్సరమును చేర్చినచో ఒకరి తప్పు మఱియొకరి తలకు చుట్టుకొనదు.

అనుభవపత్రములను కొనుక్కొనువారును కలరు. ఇది మిక్కిలి ప్రమాదకరము. ఉద్యోగుల భవిష్యనిధి సంస్థ 2014 నుండి ఒక్కొక్క సభ్యునికి 12 అంకెల సంఖ్యను ఇచ్చుచున్నది. ఆ నిధి పరిధిలో అతడు ఎచటెచట, ఎంతకాలము పనిచేసెనో ఆ సంఖ్యను బట్టి తెలియును. చేయని కొలువును చేసినట్లు చూపిన లెక్క ఏనాటికైనను తేలును; తేలిననాడు చేతనున్న ఉద్యోగమును పోవును.

మఱి పల్లెబిడ్డ చెప్పుకొనదగినది ఏమి? “కష్టజీవిని, నాయకత్వము గలవాడను” అను మాటలు ఎవరైనను వ్రాయవచ్చును. “మా గ్రంథాలయమున మూడు వందల పుస్తకముల పట్టికను కంప్యూటరులో ఎక్కించితిని” అని ఒక బాలిక వ్రాసినచో, అది నిజమైనచో, ఆ ఒక్క వాక్యము పది విశేషణములకు సాటి. చేసిన పని చిన్నదైనను లెక్కతో చెప్పవలెను.

పాత మచ్చకు విముక్తి లేదా? స్పెయిన్ దేశీయుడొకడు బాకీ పడగా, అతని ఆస్తి వేలము ప్రకటన 1998లో పత్రికలో పడెను. ఆ వ్యవహారము ముగిసి ఏండ్లు గడచినను, అతని పేరు వెదకినపుడెల్ల గూగుల్‌లో అదియే కనబడుచుండెను. అతడు వ్యాజ్యమాడగా, ఐరోపా సమాఖ్య న్యాయస్థానము 2014లో, కాలముచెల్లిన అట్టి సమాచారమును పేరువెదకు ఫలితములనుండి తొలగింపుమని కోరు హక్కు కలదని తీర్పు చెప్పెను. పత్రికలోని ప్రకటన మాత్రము చెరగలేదు. మనదేశమున 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టునందు తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము వ్యక్తిగత గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించెను. చట్టము తోడ్పడును, ఐనను తుడుచుటకంటె పడకుండ చూచుకొనుట సులభము.

తుదిగా పెద్దలకు ఒక మనవి. ఉద్యోగార్థి పేరు అతని చేతిలోనే లేదు. ఊరివారి చేతిలోను కలదు. వాట్సాప్‌లో వచ్చిన వదంతిని, ఒక ఆడపిల్ల ఫోటోను నిజానిజములు విచారింపక పదిమందికి పంపిన వ్రేలు, ఆ పిల్ల బ్రతుకుతెరువునే త్రుంచవచ్చును. రచ్చబండ మీది మాట సాయంకాలమునకు మఱపునబడెడిది. ఈ మాట అట్లు పడదు. పరుల బిడ్డ పేరును తన బిడ్డ పేరువలె కాపాడు ఊరిలో, పిల్లలకు అంతకు మించిన సిఫారసు ఉత్తరము అక్కఱలేదు.

రజతోత్సవము జరుపుకొనుచున్న ఈ గ్రంథాలయము చదువుతోబాటు ఈ వివేకమును గూడ పంచుచు చిరకాలము వర్ధిల్లుగాక!