మీటలతో నడచు బ్రౌజరు

టైపు నేర్చినవారికి ఏ, ఎస్, డి, ఎఫ్ అను నాలుగు అక్షరముల వరుస మరపు రాదు. మా యూరి టైపు ఇన్‌స్టిట్యూటులో మొదటి వారమంతయు ఎడమచేతి నాలుగు వ్రేళ్ళతో ఆ నాలుగు మీటలనే కొట్టించెడివారు. చూపు కాగితము మీద నుండవలెనే గాని మీటల మీదికి పోరాదు. పోయినచో మాస్టరుగారు మా చేతులపై అట్టముక్క కప్పెడివారు. ఆ విద్య ఇరువది యేండ్ల తరువాత ఇంటర్నెట్టులో పుటలు త్రిప్పుటకు అక్కరకు వచ్చునని నేననుకొనలేదు.

మా వృత్తిలో ధ్వనిని కత్తిరించి అతుకు పని యంతయు నేడు కంప్యూటరు తెర మీదనే జరుగును. దినమునకు ఐదారు గంటలు మౌసు పట్టి పట్టి నా కుడి మణికట్టు మూడేండ్ల క్రిందట మొరాయించినది. చేతికి విశ్రాంతి యిమ్మని వైద్యుడు చెప్పెను. ఆఫీసు పని తగ్గించుకొనవచ్చును గాని, ఉత్తరములు చూడక, వార్తలు చదువక యుండుటెట్లు? అప్పుడొక మిత్రుడు క్యూట్‌బ్రౌజర్ అను ఉచిత సాధనమును చూపినాడు.

దాని తెరపై అలంకారము లేదు. పైన తెరచిన పుటల పేర్లు, అడుగున ఒక సన్నని పట్టీ, అంతే. జె నొక్కిన పుట క్రిందికి జరుగును. కె నొక్కిన పైకి. ఎఫ్ నొక్కినంతనే తెర మీది ప్రతి లంకెకును ఒకటి రెండు అక్షరముల చిన్న చీటీ అంటుకొనును. ఆ అక్షరములను కొట్టిన ఆ లంకె తెరచుకొనును. విచిత్రమేమన, ఆ చీటీల అక్షరములన్నియు మా ఇన్‌స్టిట్యూటు నడిమి వరుసలోనివే! డి నొక్కిన పుట మూతపడును; పొరపాటున మూసినచో యు నొక్కి మరల రప్పించవచ్చును. వ్రాయవలసినప్పుడు ఐ నొక్కి వ్రాత స్థితిలోనికి పోవలెను. ముగించి ఎస్కేప్ నొక్కవలెను. ఏ స్థితిలో నున్నానో మరచి, మొదటి వారమున ఉత్తరము వ్రాయబోయి తెరచిన పుటలను మూసికొంటిని.

ఈ మీటల పద్ధతికి మూలము 1976లో అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయమున బిల్ జాయ్ రచించిన వీఐ అను వ్రాత సాధనము. ఆయన వాడిన ఏడీఎం-3ఏ యంత్రమున బాణపు గుర్తులకు వేరు మీటలు లేవు. హెచ్, జె, కె, ఎల్ మీటల మీదనే ఆ గుర్తులు ముద్రింపబడి యుండెను. ఒక యంత్రపు పొదుపు సుమారు అర్ధశతాబ్దముగా అలవాటై నిలిచినది.

ఆ అలవాటును ఫైర్‌ఫాక్సు బ్రౌజరునకు తెచ్చినది 2007లో వెలువడిన వింపరేటర్ అను అనుబంధము. 2010 ప్రాంతమున దానిని తీర్చినవారిలో కొందరు వేరుపడి, అదే మూలరచనను తీసికొని పెంటాడాక్టిల్ అను మరియొక దానిని నడపిరి. ఆ పేరునకు ఐదు వ్రేళ్ళు కలది యని అర్థము. ఇట్లు వేరుపడుటను ఆ రంగమువారు ఫోర్క్ అందురు. మన యిండ్లలో అన్నదమ్ములు వేరుపడినచో పొలము సగమగును, నూతి నీటికి తగవు వచ్చును. ఇచ్చట అట్లు కాదు. మూలరచన బహిరంగము గనుక ఇద్దరికిని నిండు పొలమే దక్కును. పంచుకొనవలసి వచ్చునది పనిచేయు చేతులను మాత్రమే. నా యెరుకలో కష్టమంతయు అక్కడనే యున్నది.

2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు 57వ కూర్పు పాత పద్ధతి అనుబంధములను పూర్తిగా విడిచివేసినది. అన్నయు తమ్ముడును ఒక్కమారే నిలువ నీడలేనివారైరి. వేగమునకును భద్రతకును ఆ మార్పు అవసరమని ఫైర్‌ఫాక్సువారు చెప్పిన మాట కాదనలేము. ఏండ్ల తరబడి వ్రేళ్ళకు పట్టిన అభ్యాసము ఒక్క ఉదయమున వ్యర్థమైనవారి బాధయు కాదనలేము.

2013లో ఆరంభమైన క్యూట్‌బ్రౌజర్ ఎవరి అనుబంధమును కాదు, తానే బ్రౌజరు. అయినను పుటను చిత్రించు యంత్రాంగము దాని సొంతము కాదు. ఆ యంత్రాంగపు వంశవృక్షము చూడుడు: 1998లో కేడీఈ బృందము కేహెచ్‌టీఎంఎల్‌ను ఆరంభించినది, 2001లో ఆపిల్ సంస్థ దానిని గైకొని వెబ్‌కిట్‌గా మలచినది, 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుండి వేరుపడి బ్లింక్ అన్నది. క్యూట్‌బ్రౌజర్ మొదట వెబ్‌కిట్ శాఖను ఆశ్రయించెను. 2016లో క్యూటీవారు ఆ శాఖను విడిచిపెట్టగా, వాడుకరుల విరాళములతో నిర్మాత బ్లింక్ వైపునకు మార్చుకొనవలసి వచ్చినది. చిన్న బ్రౌజరునకు ఇది తప్పని భారము. పాతబడిన యంత్రాంగముతో ఇంటర్నెట్టులో తిరుగుట గడియ లేని తలుపుతో కాపురము వంటిది; కనుక కొత్తదనమున కాక, కడపటి సవరణ ఎన్నడు వచ్చినదో చూచియే ఇట్టి సాధనమును ఎన్నుకొనవలెను.

నా మణికట్టు నొప్పి పూర్తిగా పోలేదు, తగ్గినది. కొన్ని పుటలలో కొన్ని బొత్తాములకు చీటీలు అంటుకొనవు. అప్పుడు మౌసును ఎడమచేతితో పట్టుదును. మా యింట మరెవ్వరును ఆ బ్రౌజరు జోలికి రారు. మా అమ్మాయి ఒకమారు కూర్చుండి, "నాన్నగారూ, వెనుకకు పోవు గుర్తు ఎక్కడ నున్నది?" అని అడిగి, పెద్ద హెచ్ నొక్కుమని నేను చెప్పునంతలోనే లేచిపోయినది.