బ్యాంకు మునిగితే మన పొదుపు ఏ దారిన బయటికి తేవాలి
(రైతు సంఘం సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మద్దతు ధర మీద, కౌలు గుర్తింపు కార్డుల మీద, పంటల బీమా మీద ఇదివరకటి తరగతుల్లో మాట్లాడుకున్నాం. ఈ పూట విషయం వేరు. ధాన్యమో మిర్చో అమ్మిన డబ్బులో అప్పులు తీరగా మిగిలింది ఎంతో కొంత బ్యాంకులో వేసుకుంటాం. అమ్మాయి చదువుకని, పెళ్లికని, బోరు వేయించాలని. ఒకరోజు పొద్దున వెళ్లేసరికి ఆ బ్యాంకు తలుపు మీద రిజర్వు బ్యాంకు ఆదేశాల కాగితం అంటించి ఉంటే, ఆ డబ్బు ఏమవుతుంది? దాన్ని మరో బ్యాంకుకు ఎలా తెచ్చుకోవాలి?

ఇది లేనిపోని భయం కాదు. 2001లో హైదరాబాదులో కృషి కో-ఆపరేటివ్ అర్బన్ బ్యాంకు కూలింది. 2004 జులైలో సికింద్రాబాదు కేంద్రంగా ఉన్న గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు మీద మారటోరియం పెట్టారు. 2019 సెప్టెంబరు 23న ముంబైలో పంజాబ్ అండ్ మహారాష్ట్ర కో-ఆపరేటివ్ బ్యాంకు, అదే పీఎంసీ, వంతు వచ్చింది. మొదటి రోజు చెప్పిన మాట ఏమిటో తెలుసా? ఒక్కొక్కరు వెయ్యి రూపాయలకు మించి తీసుకోవడానికి వీల్లేదని! ఖాతాలో పది లక్షలున్నా వెయ్యే. జనం రోడ్డెక్కాక ఆ పరిమితి పది వేలు, పాతిక వేలు, అలా పెరుగుతూ వచ్చింది.

ఇక్కడ ఒక తేడా గమనించండి. 2020 నవంబరు 17న లక్ష్మీ విలాస్ బ్యాంకు మీద ఆంక్షలు పెట్టారు. పది రోజులు తిరిగేసరికి, 27వ తేదీకల్లా, దాన్ని డీబీఎస్ బ్యాంకులో కలిపేశారు. డిపాజిటర్ల డబ్బు మొత్తం అక్కడికి వెళ్లింది. అదే ఏడాది మార్చిలో యెస్ బ్యాంకుదీ అంతే, రెండు వారాల్లో ఆంక్షలు ఎత్తేశారు. పీఎంసీ సహకార బ్యాంకు. దాన్ని యూనిటీ స్మాల్ ఫైనాన్స్ బ్యాంకులో కలపడానికి 2022 జనవరి దాకా పట్టింది. ఐదు లక్షలు దాటిన డబ్బుకు పదేళ్ల దాకా విడతలు పెట్టారు. డబ్బున్నవాళ్ల బ్యాంకుకు పది రోజులు, సామాన్యుల బ్యాంకుకు పదేళ్లు. ఇది కేవలం చట్టంలో ఉన్న చిక్కు అంటే మేము ఒప్పుకోం. ఎవరి డబ్బుకు తొందర ఉందని ప్రభుత్వం అనుకుంటుందో అందులోనే కనిపిస్తోంది.

సరే, పని సంగతికి వద్దాం. బ్యాంకు గోల వినగానే అందరం ఒకటే పని చేస్తాం, పాస్‌పుస్తకాలన్నీ పట్టుకుని పరుగెత్తి, ఉన్నదంతా తీసేయాలని చూస్తాం. ముందు చూడాల్సింది వేరు. మన చేతిలో ఉన్న ఒక్కో కాగితం వెనక హామీ ఎవరిది? బ్యాంకుదా, ప్రభుత్వానిదా, ఎవరిదీ కాదా? దాన్నిబట్టే ఏది కదపాలో, ఏది కదపకూడదో తేలుతుంది.

మామూలు సేవింగ్స్ ఖాతా, ఫిక్సెడ్ డిపాజిట్, రికరింగ్ డిపాజిట్, ఇవన్నీ బ్యాంకు హామీలే. బ్యాంకు పోతే వీటికి దిక్కు డిపాజిట్ బీమా. కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు 1960లో కూలాక గొడవ జరిగి, 1962 జనవరి నుంచి ఈ బీమా వచ్చింది. అప్పుడు ఒక్కో డిపాజిటరుకు 1,500 రూపాయలు. పెరుగుతూ పెరుగుతూ 1993లో లక్ష అయింది. తర్వాత 27 ఏళ్లు అది కదల్లేదు. పీఎంసీ డిపాజిటర్లు నెలల తరబడి ధర్నాలు చేశాకే 2020 ఫిబ్రవరి 4 నుంచి ఐదు లక్షలు చేశారు. బీమాకు ప్రీమియం కట్టేది బ్యాంకే. మన దగ్గర ఎవరైనా బీమా రుసుం అని అడిగితే ఇవ్వకండి.

ఈ ఐదు లక్షలు అసలూ వడ్డీ కలిపి. 4,80,000 డిపాజిటు మీద 35,000 వడ్డీ చేరిందనుకుందాం. లెక్క 5,15,000. బీమా ఇచ్చేది ఐదు లక్షలే. ఒకే బ్యాంకులో రెండు ఊళ్ల బ్రాంచీల్లో వేసినా కలిపే లెక్కిస్తారు. వేరే బ్యాంకులో ఉన్నదానికి లెక్క వేరు. ఒకే బ్యాంకులో అయినా భర్త పేరిట ఒకటి, భార్య పేరిట ఒకటి, ఇద్దరి పేరిట ఉమ్మడిగా ఒకటి ఉంటే మూడూ వేరువేరుగా లెక్కకు వస్తాయి. కాబట్టి భూమి అమ్మిన డబ్బో, ప్రాజెక్టు కింద పోయిన భూమికి వచ్చిన పరిహారమో పెద్ద మొత్తంగా చేతికొచ్చినప్పుడు అంతా ఒకే పేరిట ఒకే బ్యాంకులో పడేయకండి. పరిహారం పడ్డ రోజే మేనేజరు టీ ఇచ్చి కూర్చోబెడతాడు. టీ తాగండి, సంతకం మాత్రం మర్నాడు చేయండి.

రైతుకు ఇంకో మెలిక ఉంది. మనకు డిపాజిటూ అప్పూ తరచుగా ఒకే బ్యాంకులో ఉంటాయి. బ్యాంకు మూతపడిన రోజున మనం దానికి బాకీ ఉన్నది మన డిపాజిటులోంచి తగ్గించి, మిగిలినదానికే బీమా లెక్క కడతారు. ఆరు లక్షల డిపాజిటు, అదే బ్యాంకులో లక్షా అరవై వేల పంట రుణం ఉంటే, చేతికొచ్చేది 4,40,000. కాగితం మీద నష్టం లేదు, అప్పు తీరిపోయింది. కానీ అదను మీద ఉన్నప్పుడు, పంట వచ్చాక కట్టుకోవాల్సిన అప్పును ముందే మినహాయించుకుంటే, విత్తనాలకు ఎరువులకు డబ్బెక్కడిది? అందుకే పంట రుణం ఒక బ్యాంకులో, పొదుపు ఇంకో బ్యాంకులో ఉంచుకోమని మేము చెబుతాం. ఇంకో మాట. బ్యాంకు మునిగితే అప్పు కూడా మునిగిందని కొందరు సంబరపడతారు. మునగదు. లిక్విడేటరో, కలుపుకున్న బ్యాంకో వచ్చి అడుగుతుంది.

బీమా డబ్బు ఎప్పుడొస్తుంది? ఇదివరకు బ్యాంకును పూర్తిగా రద్దు చేసేదాకా ఏళ్ల తరబడి ఆగాల్సి వచ్చేది. 2021లో చట్టం మార్చారు. రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెట్టినా సరే, మొదటి 45 రోజుల్లో బ్యాంకు డిపాజిటర్ల జాబితా ఇవ్వాలి, మొత్తం 90 రోజుల్లో బీమా సంస్థ డబ్బు ఇవ్వాలి. అయితే అది దానంతటది రాదు. నాకు బీమా డబ్బు కావాలని మనం సమ్మతి పత్రం ఇవ్వాలి, గుర్తింపు కాగితాలు ఇవ్వాలి, డబ్బు వేయడానికి మరో బ్యాంకు ఖాతా నంబరు రాయాలి. ఇల్లంతటికీ ఒకే బ్యాంకులో ఖాతాలున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. రెండో ఖాతా ఇప్పుడే తెరిచి ఉంచుకోండి.

ఇక రెండో రకం. పీపీఎఫ్, సుకన్య సమృద్ధి. వీటి వడ్డీ మీద ఆదాయపు పన్ను లేదు. బ్యాంకు కౌంటర్లో కట్టినా ఈ డబ్బు బ్యాంకుది కాదు, కేంద్ర ప్రభుత్వానిది. బ్యాంకు కేవలం వసూలు చేసి పంపే ఏజెంటు. కాబట్టి బ్యాంకు కూలినా ఇవి పోవు, వీటికి ఐదు లక్షల పరిమితీ లేదు. భయంతో తప్పుడు పని చేసేది వీటి విషయంలోనే. పీపీఎఫ్‌ను మధ్యలో మూసేయాలని చూస్తారు. ఐదేళ్లు నిండకుండా మూయనివ్వరు. నిండాక కూడా ప్రాణం మీదికొచ్చిన జబ్బు, పై చదువులు లాంటి కారణాలుండాలి. పైగా వడ్డీలో ఒక శాతం కోసేస్తారు. ఇంకొందరు పాతదాన్ని అలా వదిలేసి కొత్త బ్యాంకులో ఇంకో పీపీఎఫ్ తెరుస్తారు. ఒక మనిషికి ఒక్కటే ఉండాలని నియమం. రెండోది చిక్కులే తెస్తుంది.

చేయాల్సింది బదిలీ. పాత బ్రాంచికి పాస్‌పుస్తకంతో వెళ్లి, ఫలానా బ్యాంకు ఫలానా బ్రాంచికి, లేదా పోస్టాఫీసుకు, నా ఖాతా మార్చమని దరఖాస్తు ఇవ్వాలి. కొత్త బ్రాంచి పూర్తి చిరునామా అందులో ఉండాలి. దరఖాస్తు రెండో ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోవాలి. ఖాతా తెరిచినప్పటి అసలు ఫారం, నామినేషను, మాదిరి సంతకాలు, ఖాతా లెక్క, నిలువ మొత్తానికి చెక్కో డీడీయో పాత బ్రాంచి నేరుగా కొత్త బ్రాంచికి పంపుతుంది. కొత్త చోట ఆధార్, పాన్, ఫొటోలు మళ్లీ అడుగుతారు. ఇలా చేస్తే ఖాతా కొనసాగినట్టే లెక్క. పదేళ్ల కింద తెరిచినదానికి ఇంకా ఐదేళ్లే మిగులుతుంది. మూసి కొత్తగా తెరిస్తే మళ్లీ పదిహేనేళ్లు మొదటి నుంచి. పాస్‌పుస్తకం ఇచ్చేసే ముందు ప్రతి పేజీ జిరాక్సు తీసుకోండి. కొత్త పాస్‌పుస్తకంలో తెరిచిన తేదీ పాతదే పడిందా, నామినీ పేరు ఉందా చూసుకున్నాకే కౌంటరు దగ్గర్నుంచి కదలండి. సుకన్యకూ ఇలాగే బదిలీ ఉంది.

పీపీఎఫ్‌కు ఇంకో గుణం ఉంది, ఏజెంట్లు ఇది చెప్పరు. ప్రైవేటు అప్పు మీద వడ్డీ వ్యాపారి కోర్టుకెళ్లి డిక్రీ తెచ్చుకున్నా, పీపీఎఫ్‌లో ఉన్న డబ్బును జప్తు చేయడానికి లేదు. నియమాల్లోనే ఆ రక్షణ రాసి ఉంది. మామూలు ఫిక్సెడ్ డిపాజిటుకు అది లేదు. అలాగని పెట్టుబడి డబ్బు తెచ్చి ఇందులో వేయకండి, ఏడో సంవత్సరం దాకా కొంత తీసుకోవడానికి కూడా వీలుండదు. వడ్డీ కూడా ప్రభుత్వం చేతిలోదే. 2020 ఏప్రిల్‌లో 7.9 నుంచి ఒక్కసారిగా 7.1కి దించారు.

‘పన్ను ఆదా’ పేరుతో అమ్మే ఐదేళ్ల ఫిక్సెడ్ డిపాజిటు సంగతి వేరు. పేరు చూసి ఇదీ పీపీఎఫ్ లాంటిదే అనుకుంటారు. కాదు. ఇది బ్యాంకు హామీయే, బీమా ఐదు లక్షల వరకే. దీన్ని వేరే బ్యాంకుకు బదిలీ చేసుకునే వీలు లేదు. ఐదేళ్లు తీయనివ్వరు, తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకోనివ్వరు. పైగా దీని వడ్డీ మీద పన్ను ఉంది. దీనిలో వచ్చే లాభమల్లా, పన్ను కట్టేవాడికి పాత పద్ధతిలో కొంత మినహాయింపు. వ్యవసాయ ఆదాయం మీద ఆదాయపు పన్నే లేదు కదా! పన్ను కట్టని రైతుకు పన్ను ఆదా డిపాజిటు అంటగట్టడమేమిటి? బట్టతలకు దువ్వెన అమ్మినట్టుంది. మీ ఇంట్లో అలాంటి రసీదు ఉంటే గడువు తేదీ చూసుకోండి, ఆ రోజు దానంతటది మళ్లీ ఐదేళ్లకు మారకుండా ముందే రాసివ్వండి.

మూడో రకం, ఎవరి హామీ లేనిది. చెప్పడానికి మాకు బాధగా ఉంది, ఎందుకంటే అందులో మన సొసైటీలు కూడా ఉన్నాయి. జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకు డిపాజిట్ బీమా ఉంది. ఊళ్లోని ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘానికి లేదు. రెండూ ఒకే గొలుసులో ఉన్నా, ఎరువు అక్కడే కొన్నా, అప్పు అక్కడే తీసుకున్నా, సొసైటీలో వేసిన డిపాజిటుకు బీమా సంస్థ పూచీ లేదు. పరస్పర సహాయ సహకార సంఘాలకూ లేదు, చిట్టీలకూ లేదు. బోర్డు మీద పేరు ఎంత పెద్దగా ఉన్నా, డిపాజిట్ బీమా నమోదు ఉందా అని అడగండి. నమోదైన బ్యాంకుల జాబితా బీమా సంస్థ వెబ్‌సైటులో ఉంటుంది, పిల్లల ఫోనులో చూపించుకోవచ్చు. సొసైటీల నుంచి డబ్బు తీసేసి వాటిని ముంచమని మేము చెప్పడం లేదు. అందులో వాటాధనం ఉంచండి, అప్పు అక్కడే తీసుకోండి. ఇంటి భవిష్యత్తుకని దాచింది మాత్రం బీమా ఉన్నచోట పెట్టండి. గ్రామీణ రైతు వేసే డిపాజిటుకు, పట్నం ఉద్యోగి వేసే డిపాజిటుకు ఒకే రక్షణ ఉండాలని, సొసైటీలనూ బీమా కిందికి తేవాలని మన సంఘం డిమాండు. దాన్ని ఈసారి వినతిపత్రంలో పెడుతున్నాం.

పేరు మారినంత మాత్రాన బ్యాంకు మునిగినట్టు కాదు, అది కూడా గుర్తుంచుకోండి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసింది. 2025లో మన రెండు రాష్ట్రాల గ్రామీణ బ్యాంకులను రాష్ట్రానికొకటిగా చేశారు. ఇవి కూలినవి కావు, ఖాతాలు అలాగే వెళ్లాయి. అలాంటప్పుడు కొత్త ఐఎఫ్ఎస్‌సీ కోడు రాసుకుంటే చాలు.

చివరిగా ఒకటి. బ్యాంకు మారాక పీఎం కిసాన్ డబ్బు పడటం లేదని చాలామంది వస్తారు. ఆ డబ్బు ఆధార్‌కు చివరిసారి ముడిపెట్టిన ఖాతాకే వెళుతుంది. ఆంక్షలున్న పాత బ్యాంకులో పడితే అక్కడే ఇరుక్కుంటుంది. కొత్త బ్యాంకులో ఖాతా తెరిచేటప్పుడే ఆధార్‌ను ఈ ఖాతాకు మార్చమని సమ్మతి పత్రం విడిగా ఇవ్వాలి, ఖాతా తెరిస్తే దానంతటది మారదు. ధాన్యం అమ్మే ముందు కొనుగోలు కేంద్రంలో ఇచ్చిన ఖాతా నంబరు కూడా మార్పించుకోవాలి.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుందాం. పాస్‌పుస్తకాలు తెచ్చినవాళ్లు ముందు వరుసలోకి రండి. సుకన్య ఖాతాలున్న అక్కచెల్లెళ్లతో మొదలుపెడదాం, వాళ్లకు బస్సు టైమవుతోంది.